కొత్త ఆయిల్ ఫిల్టర్‌లో ఇనుప రజను

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో కార్ల పేజీ చదివాను. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చండి, వంద రెండొందలకి కక్కుర్తి పడి ఇంజన్ పాడు చేసుకోకండి అని రాశారు. నిజమే, ఒక్క అక్షరం కాదనను. కానీ ఆ కొత్త ఫిల్టర్ బిగించే ముందు దాని నోట్లోకి ఓసారి తొంగి చూడండి అనే ముక్క మీరు రాయలేదు. మీరే కాదు, ఎవరూ రాయగా నేను చూడలేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే. చోటు చాలకపోతే ఎక్కడ కోసినా ఫర్వాలేదు గానీ రజను సంగతి మాత్రం ఉంచండి.

నాది పాలకొల్లులో లేత్ పని, ముప్పై ఏళ్లు దాటింది. రైస్ మిల్లుల షాఫ్టులు, రొయ్యల చెరువుల నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకి బుష్షులు, ట్రాక్టర్ పిన్నులు, ఎవరు ఏది విరగ్గొట్టుకొచ్చినా చేసిస్తాను. కారు మెకానిక్‌ని కాదు. నాకో పాత డీజిల్ కారుంది, సెకండ్ హ్యాండ్‌ది, దాని ఆయిల్ మాత్రం నేనే మార్చుకుంటాను. పిసినారితనం అంటుంది మా ఆవిడ, నేను కాదంటాను, ఆ తగువు మాది.

సంక్రాంతికి ముందు జరిగింది ఇది. పిల్లలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు, వచ్చాక చించినాడ వంతెన మీదుగా అంతర్వేది వెళ్దామన్నారు, సరే బండికి సర్వీసు చేసేద్దామని ఆయిల్ డబ్బా, ఫిల్టర్ కొనుక్కొచ్చాను. ఫిల్టర్ పేరున్న కంపెనీదే. పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ గొడవ కాదని తర్వాత తేలింది. ఇంట్లో అట్టపెట్టె విప్పి అలవాటు కొద్దీ మధ్య కన్నంలో వేలు పెట్టాను. లేత్ వాడికి మర, అంటే స్క్రూ చుట్లు, కనబడితే వేలు ఆగదండీ, అది రోగంలాంటిది. మర బాగా కోశారా, నున్నగా ఉందా అని తిప్పి చూస్తే వేలి చివర సన్నగా ఏదో గుచ్చుకుంది. సెల్ టార్చి వేసి చూశాను. రెండో మర చుట్టులో, సగం ఊడి సగం అంటుకుని ఇనుప పొట్టు. చిన్నపిల్లల ముంగురులా చుట్టుకుని ఉంది, గోటితో లాగితే వచ్చేసింది, గోరు మీద పెట్టుకుంటే గోరులో పావు వంతు ఉంటుందేమో, ఇంకా తళతళలాడుతూనే ఉంది. తెల్ల తువ్వాలు కొస మెలిపెట్టి ఆ మరలో తిప్పితే బూడిద రంగు జిడ్డు వచ్చింది, ఆ జిడ్డులో మెరుపులు. షాపులో పొట్టు ఏరడానికి వాడే అయస్కాంతం తెచ్చి తువ్వాలు కింద పెట్టి జరిపితే ఆ మెరుపులు దానితో పాటు జరిగాయి. ఇనుమే, సందేహం లేదు.

ఇందులో అంత టెన్షన్ పడాల్సింది ఏముంది, ఫిల్టర్ ఉన్నదే రజను పట్టుకోవడానికి కదా అని మా బావమరిది అన్నాడు. మీ పాఠకుల్లో సగం మంది కూడా అదే అంటారు కాబట్టి ఇది కాస్త విడమరిచి చెప్పాలి.

ఫిల్టర్ మూతి చూడండి. మధ్యలో మర ఉన్న పెద్ద కన్నం, దాని చుట్టూ చిన్న చిన్న కన్నాలు, బయట అంచున రబ్బరు వాషరు. పంపు తోసిన ఆయిల్ ఆ చిన్న కన్నాల్లోంచి డబ్బాలోకి దిగుతుంది, మడతలు మడతలుగా ఉన్న కాగితాన్ని బయటి వైపు నుంచి లోపలికి దాటుతుంది, మురికి కాగితం మీద ఆగిపోతుంది, శుభ్రమైన ఆయిల్ నడిమి గొట్టంలోకి చేరి మధ్య కన్నం గుండా ఇంజన్లోకి పోతుంది. అంటే చిన్న కన్నాలది మురికి వైపు, మధ్య కన్నానిది శుభ్రం వైపు. చిన్న కన్నాల దగ్గర రజను ఉంటే బాధ లేదు, కాగితం చూసుకుంటుంది. మధ్య కన్నం మరలో రజను ఉంటే దాన్ని ఆపడానికి ఇక ముందు ఏమీ లేదు. పైగా ఇంజన్ వైపు ఉండేది బోలు స్టడ్డు, అంటే లోపల ఖాళీగా, పైన మరలున్న గొట్టం. ఫిల్టర్ తిప్పి బిగిస్తుంటే ఆ స్టడ్డు మరల్లోకి దిగుతూ అక్కడున్న పొట్టుని గీరి తన ముందు తోసుకుంటూ పోతుంది, అది నడిమి గొట్టంలో రాలుతుంది. ఇంజన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ అదే గొట్టంలోంచి స్టడ్డు బోలులోకి ఎక్కి ఇంజన్లో ఆయిల్ పోయే పెద్ద దారికి, అదే మెయిన్ గ్యాలరీకి, అక్కణ్నుంచి ఇంజన్లో తిరిగే ఇరుసు క్రాంకు బేరింగులకి, టర్బో ఉంటే టర్బోకి పోతుంది.

మన గోదావరి ఊళ్లలో మంచినీళ్ల చెరువు, ఇసుక ఫిల్టర్ బెడ్లు, పైన ఓవర్‌హెడ్ ట్యాంకు ఎరగనివాళ్లు ఉండరు. కాలువ నీళ్లు ఎంత బురదగా ఉన్నా బెడ్డు దాటాయంటే తేటగా వస్తాయి. కానీ బెడ్డు దాటాక పై ట్యాంకులో పావురం చచ్చి పడిందనుకోండి, ఇక ఇసుక ఎంత మంచిదైతే ఏం లాభం? మధ్య కన్నంలో రజను ఆ పావురం లాంటిది.

ఒక్క న్యాయమైన మాట చెప్పాలి. ఆ రజను ఇంజన్లో జీవితాంతం తిరుగుతూనే ఉండదు. బేరింగులు దాటి కింద ఆయిల్ నిలిచే సంపులో పడుతుంది, మళ్లీ పంపు లాక్కుంటుంది, ఈసారి మురికి వైపు నుంచి వస్తుంది కాబట్టి కాగితం పట్టేస్తుంది. కాబట్టి కాపలా లేనిది మొదటి చుట్టు ఒక్కటే. ఆ ఒక్క చుట్టులో ఏం జరుగుతుందన్నదే ప్రశ్న. క్రాంకుకీ బేరింగుకీ మధ్య ఇచ్చే ఖాళీ చిన్న కార్లలో మిల్లీమీటరులో వందో వంతులు మూడు నుంచి ఆరు దాకా ఉంటుంది, అంటే ముప్పై అరవై మైక్రాన్లు, సుమారు తలవెంట్రుక మందం. బరువు మోసే చోట ఆయిల్ పొర ఇంకా పలచన, కొద్ది మైక్రాన్లే. నేను తీసిన పొట్టు దాని పక్కన పెడితే తాటిదుంగ. అంత పెద్దది ఆ సందులోకి దూరకపోవచ్చు, ఏ ఆయిల్ కన్నం మలుపులోనో ఇరుక్కోవచ్చు, అది ఇంకో రకం బాధ. దూరేవి సన్నటి రవ్వలు. బేరింగు పైన మెత్తటి లోహం పూత వేసేది అందుకే, రవ్వ వస్తే క్రాంకుని గీరకుండా ఆ మెత్తదనంలో కూరుకుపోతుంది. నాలుగైదు రవ్వలైతే కూరుకుపోతాయి. ప్రతి సర్వీసుకీ ఓ చిటికెడు వేస్తే చోటెక్కడిది?

అందుకని ఈ ఒక్క పొట్టుతో నా ఇంజన్ షెడ్డుకెళ్లేదని నేను అనడం లేదు. నాకు తెలిసిన ఒకాయన కారు బేరింగు పోయి ఇంజన్ మొత్తం విప్పించాడు, ఆయిల్ మంచిది కాదన్నారు, అతను నమ్మాడు, కావచ్చు కూడా. ఫిల్టర్ వల్ల అని రుజువు చేయడం ఎవరి వల్లా కాదు, అదే కంపెనీలకి బలం. ఇంజన్ లక్ష కిలోమీటర్ల తర్వాత చప్పుడు చేస్తే, ఎనిమిది సర్వీసుల కిందట బిగించిన ఫిల్టర్ని ఎవడు పట్టుకుంటాడు? ఆ ఫిల్టర్ ఈపాటికి ఏ పాత ఇనుము కొట్లోనో ఉంటుంది.

ఈ రజను ఎక్కడ పుట్టిందో చెప్పడానికి నేను ఫ్యాక్టరీ చూడక్కర్లేదు, రోజూ నా లేత్ కిందే పుడుతుంది. ఫిల్టర్ మూతి దగ్గర మందపాటి ప్లేటు ఉంటుంది. ప్రెస్సులో కొట్టి కన్నాలు పొడిచి మధ్యలో ట్యాపు అనే మర కోసే పనిముట్టు దింపి మర కోస్తారు. కోశారంటే పొట్టు రావాల్సిందే, ట్యాపు వెనక్కి తిప్పి తీసేటప్పుడు కొంత మరల్లోనే అతుక్కుంటుంది, ట్యాపు మొద్దుబారితే ఇంకా ఎక్కువ. కోయకుండా లోహాన్ని నొక్కి మర తేల్చే ట్యాపులు కూడా ఉన్నాయి, వాటికి పొట్టు రాదు, ఖరీదు కొంచెం ఎక్కువ, కన్నం కొలత ఖచ్చితంగా ఉండాలి. తర్వాత ఆ ప్లేటుని పల్చటి మూతకి స్పాట్ వెల్డింగు చేస్తారు, నిప్పురవ్వలు చల్లారి ఆవగింజలో పదోవంతు పూసలై అంటుకుంటాయి. నడిమి గొట్టానికి కన్నాలు పొడిస్తే అంచులకి బర్రు, అంటే గరుకు ముళ్లు, మిగులుతుంది. కాగితం మడతపెట్టి ఓవెన్లో గట్టిపరిచి కోస్తారు, కోసిన చోట నూగు లేస్తుంది. కాగితాన్ని చివరి మూతలకి అంటించే జిగురు ఎక్కువైతే కారి బొట్టుగా ఎండుతుంది. ఆఖర్న బయట రంగు. ఇన్ని పనుల్లో ప్రతి పనీ తన చెత్త తను వదిలే వెళ్తుంది.

అందుకే మధ్యలో కడగాలి. కడగడం అంటే ఓ తొట్టెలో ముంచి తీయడం కాదు, ఆ కడిగే నీళ్లనీ మళ్లీ వడకట్టాలి, లేకపోతే పదివేల ప్లేట్లు కడిగిన తొట్టెలో పదివేల ఒకటో ప్లేటు కడిగితే మిగతావాటి రజనంతా దానికి పడుతుంది. ఖర్చు అక్కడే. ఫిల్టర్ బయటి రంగు మెరిస్తే కొనేవాడికి కనిపిస్తుంది, లోపల కడిగితే ఎవడికీ కనిపించదు. కనిపించని పనిలోనే కోత పెడతారు, ఇది నా వృత్తిలోనూ ఉంది, ఒట్టు పెట్టి చెప్పలేను నేను ఎప్పుడూ చేయలేదని. కానీ షాఫ్టు ఇచ్చే ముందు మాత్రం మరలో బ్రష్షు పెట్టి ఎయిర్ కొట్టకుండా ఇవ్వను. మా గురువు చెంప మీద నేర్పిన పాఠం అది.

సరే, ఆ ఫిల్టర్ పట్టుకుని మర్నాడు షాపుకెళ్లాను. షాపు అబ్బాయి తెలిసినవాడే, వాళ్ల నాన్న కాలం నుంచి పరిచయం. చూపించాను. "మీరు లేత్ వాళ్లు కాబట్టి కనబడిందండి బాబాయ్ గారూ, ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదండి" అన్నాడు. అబద్ధం కాదు. ఇంకో నాలుగు తీయమన్నాను. మొహం కొంచెం అదోలా పెట్టాడు గానీ తీశాడు, కౌంటర్ మీద వరసగా బోర్లించి, ఒక్కోటి టార్చి వేసి చూశాం. రెండు శుభ్రంగా ఉన్నాయి, అద్దంలా. ఒకదానికి మరలో నాకు దొరికినట్టే పొట్టు, కంపెనీ వేరే. నాలుగోదానికి పొట్టు లేదు గానీ మర మీద ఎర్రటి తుప్పు. శుభ్రంగా ఉన్న రెండిట్లో ఒకటి అన్నిట్లోకీ తక్కువ ధరది! కాబట్టి రేటు ఎక్కువ పెడితే లోపల శుభ్రంగా ఉంటుందనే ధీమా నాకు పోయింది. ఐదు ఫిల్టర్లు చూసి లోకమంతా ఇంతే అనడం తప్పని నాకు తెలుసు, నేను అనడం లేదు, కానీ ఐదింట్లో మూడు అంటే చూడకుండా బిగించే ధైర్యం మాత్రం లేదు.

ఆ తుప్పు గురించి కంపెనీని తిట్టలేను, అందులో మన వాటా ఉంది. డెల్టా గాలిలో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు, నరసాపురం వైపు పోయేకొద్దీ ఉప్పు కూడా కలుస్తుంది. వానాకాలం నాలుగు నెలలు అట్టపెట్టె మెత్తబడిపోతుంది, చేత్తో నొక్కితే సొట్ట పడుతుంది, ఆ తేమంతా లోపలి ఇనుముకి తగులుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీలో రాసిన పల్చటి నూనె పొర ఏడాది రెండేళ్లు షాపు అరలో కూర్చుంటే ఏం మిగులుతుంది? కొన్ని కంపెనీలు మూతి మీద ప్లాస్టిక్ మూతో, గాలి చొరబడని పల్చటి కవరో వేస్తున్నాయి. కొన్ని ఉట్టి అట్టపెట్టెలో పడేస్తున్నాయి. ఆ ప్లాస్టిక్ మూతకి ఎంతవుతుందండీ, ఒక టీకి అయ్యేంత కూడా కాదు.

ఇంకో సంగతి, ఇది మన ప్రాంతానిదే. మాసూళ్ల రోజుల్లో రోడ్ల మీద ఊక దుమ్ము, ఏడాది పొడుగునా రైస్ మిల్లుల బాయిలర్ల నుంచి నల్లటి ఊక బూడిద. తణుకు, మండపేట వైపు మిల్లుల దగ్గర ఉండేవాళ్లకి డాబా మీద ఆరేసిన తెల్ల బట్టల గోడు తెలుసు. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుక జాతి. ఇనుప రజను కంటే గట్టిది. రోడ్డు పక్క షెడ్డులో ఫిల్టర్ పెట్టె విప్పి, మూతి పైకి పెట్టి బెంచీ మీద ఉంచి, టీ తాగొచ్చి బిగిస్తారు చూడండి, ఆ పావుగంటలో పైన ఏం రాలిందో ఎవరు చూశారు. కంపెనీ ఎంత కడిగి పంపినా ఆ టీ దగ్గర అంతా పోతుంది.

షెడ్డుల్లో ఇంకో అలవాటు ఉంది, మంచి ఉద్దేశంతో చేసేదే. ఫిల్టర్ ఖాళీగా బిగిస్తే మొదట్లో ఆయిల్ అందదని, ముందే కొత్త ఆయిల్ నింపి బిగిస్తారు. నింపడం తప్పని నేననను, కారు పుస్తకంలో ఏం రాసుంటే అది చేయండి. కానీ నింపేది ఎక్కడి నుంచి? మధ్య పెద్ద కన్నం వీలుగా ఉంటుంది కాబట్టి అందులో గరాటా పెట్టి పోస్తారు. ఆ గరాటా నిన్న గేర్ ఆయిల్ పోసినది, మొన్న ఇంకేదో పోసినది, ఇందాక బనియన్ వేస్టుతో తుడిచినది. అంటే గరాటాలో దుమ్ము, బనియన్ నూలు అన్నీ నేరుగా శుభ్రం వైపు వెళ్లిపోయాయి. పోయాలనుకుంటే చుట్టూ ఉన్న చిన్న కన్నాల్లోంచి పోయాలి, నెమ్మదిగా, విసుగనుకోకుండా. కాగితం గుండా అదే లోపలికి దిగుతుంది. ఈ మాట ఒక మెకానిక్ తమ్ముడికి చెబితే "అలా పోస్తే పావుగంట పడుతుందండి, బయట నాలుగు బళ్లున్నాయి" అన్నాడు. అతని బాధ అతనిది.

నా ఫిల్టర్ దగ్గరికొస్తాను. షాపు వాడు మార్చి ఇచ్చాడు, పాతది వెనక్కి పంపకుండా నేనే డబ్బులిచ్చి ఉంచుకున్నాను, లోపల ఏముందో చూడాలని. హాక్సా పెట్టి కోస్తే ఆ బ్లేడు రజనే లోపల పడుతుంది, అప్పుడు ఏది కంపెనీది, ఏది నాది? అందుకని ముందు కడిగాను, తర్వాత కోశాను. మా అమ్మాయి కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, ల్యాబులో వాడే గుండ్రటి ఫిల్టర్ కాగితాలు నాలుగు అడిగి తెచ్చుకున్నాను. డీజిల్ని ముందు ఒక కాగితంలో వడకట్టి, ఆ తేట డీజిల్ని మధ్య కన్నంలో పోసి, వేలితో మూసి, అటూ ఇటూ ఊపి, బోర్లించి ఇంకో కాగితం మీద పోశాను. మూడుసార్లు. కాగితం ఆరాక చూస్తే మధ్యలో బొట్టుబిళ్లంత మచ్చ. భూతద్దం పెడితే నల్లటి రవ్వలు, నాలుగైదు మెరిసే పొట్టు ముక్కలు, తెల్లటి నూగు, పసుపుగా గట్టిబడిన జిగురు గింజ ఒకటి. "కొత్త వస్తువు కొనుక్కొచ్చి కడుగుతారేంటండీ" అంది మా ఆవిడ. ఆవిడ కొత్త స్టీలు గిన్నె కొంటే చింతపండు పెట్టి తోమి గానీ పొయ్యి మీద పెట్టదు, ఆ మాట అంటే మాట మార్చింది.

తర్వాత పైపు కట్టరు తిప్పి డబ్బా కోశాను, దానికి పొట్టు రాదు. కాగితం మడతలు సమంగానే ఉన్నాయి, కాగితం మూసుకుపోతే ఆయిల్‌ని పక్కదారిన పంపే బైపాస్ వాల్వు స్ప్రింగు గట్టిగా ఉంది, ఇంజన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు మెత్తగా బాగుంది. మాట దాచను, తయారీ మంచిదే. ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఇంత బాగా చేసినవాడు ఆఖర్న మర తుడవలేదు. వంటంతా అమోఘంగా చేసి విస్తరి కడగకుండా వడ్డించినట్టు.

నకిలీ సరుకు గురించి మీరు అప్పుడప్పుడూ రాస్తూనే ఉన్నారు కాబట్టి నేను పొడిగించను. వాటిలో రబ్బరు అట్టలా బిరుసుగా ఉంటుంది, రాత్రంతా ఆగిన బండి పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు టకటకలాడుతుంది. పెట్టె మీద తయారీదారు పేరు, అడ్రసు, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదు నంబరు ఉండాలని చట్టం, లేకపోతే ముట్టుకోకండి. నా గొడవ అసలు సరుకుతో.

కంపెనీకి ఫోను చేశాను, పెట్టె మీద నంబరుకే. మర్యాదగా మాట్లాడారు, బిల్లు ఫొటో, ఫిల్టర్ ఫొటో పంపమన్నారు, పంపాను, వారానికి కొత్త ఫిల్టర్ కొరియర్లో వచ్చింది. నేనడిగింది ఫిల్టర్ కాదు. మీ దగ్గర కడిగాక లోపల ఎంత చెత్త మిగలొచ్చని లెక్క పెట్టుకున్నారు, ఆ లెక్క చెప్పండి అని అడిగాను. దానికి జవాబు లేదు.

లెక్క అనేది లేక కాదు. ఫిల్టర్ ఎంత మురికి పట్టుకుంటుందో కొలవడానికి ఐఎస్ఓ 4548 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందులో 12వ భాగం ప్రకారం ఆయిల్లో పరీక్ష దుమ్ము కలిపి, ఫిల్టర్‌కి ముందు ఎన్ని రవ్వలు, దాటాక ఎన్ని రవ్వలు అని యంత్రంతో లెక్కపెడతారు. పెట్టెల మీద ఇన్ని మైక్రాన్లు, ఇంత శాతం అని గొప్పగా వేసుకునే అంకెలు ఆ జాతివే. ఆ భాగం కొలిచేది ఫిల్టర్ పట్టుకునే మురికిని. ఫిల్టర్ తనతో మోసుకొచ్చే మురికి ఇంకోటి. దానికి ఐఎస్ఓ 16232 ఉంది, వాహనాల విడిభాగాల శుభ్రత కొలిచే పద్ధతి. నేను ఇంట్లో చేసిన మోటు పనినే వాళ్లు పద్ధతిగా చేస్తారు, భాగాన్ని కడిగి, ఆ ద్రవాన్ని సన్నటి పొరలో వడకట్టి, పొర మీద మిగిలింది తూచి, మైక్రోస్కోపు కింద అన్నిట్లోకీ పెద్ద రవ్వ ఎంతుందో చూస్తారు. కాకపోతే అది కొలిచే పద్ధతి మాత్రమే. ఎంత దాకా ఒప్పుకోవచ్చు అన్నది కార్ల కంపెనీ, విడిభాగాల కంపెనీ కూర్చుని మాట్లాడుకుంటాయి. కార్ల కంపెనీ దగ్గర కొనే బలం ఉంది, లెక్క అడుగుతుంది, బాగోలేకపోతే లారీ లోడు వెనక్కి పంపుతుంది. పాలకొల్లు కౌంటర్ మీద ఒక్క ఫిల్టర్ కొనేవాడి తరఫున కూర్చుని మాట్లాడేది ఎవరు? నా గొడవంతా ఇదే. హెల్మెట్‌కి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసిన ప్రభుత్వం, బజార్లో విడిగా అమ్మే ఆయిల్ ఫిల్టర్ పెట్టె మీద లోపలి శుభ్రత లెక్క ఒకటి వేయమనీ, మూతికి మూత పెట్టమనీ అడగడం పెద్ద పనా?

కార్లకి ఆయిల్ ఫిల్టర్ అనేది పాత ఏర్పాటే, 1923లో అమెరికాలో వచ్చింది, ప్యూర్ ఆయిల్ లేటర్ అనే మాటలు కలిపి ప్యూరొలేటర్ అని పేరు పెట్టారు. వందేళ్లు దాటిన వస్తువు. మర తుడవడం నేర్చుకోవడానికి ఇంకా ఎన్నేళ్లు కావాలి?

పైగా ఇది కార్లవాళ్ల ఒక్కళ్ల బాధ కాదు. భీమవరం చుట్టుపక్కల చెరువుల గట్ల మీద ఎన్ని జనరేటర్లున్నాయో చూడండి. వాటికీ ఇదే రకం డబ్బా ఫిల్టర్లు, కొన్నిటికి అవే నంబర్లు. కారు ఆగితే ఆటో ఎక్కి ఇంటికెళ్తాం. కరెంటు పోయిన రాత్రి జనరేటర్ పట్టేసి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలుతుంది, రైతు పంటంతా పోయినట్టే. ఇప్పుడొచ్చే కొత్త కార్లలో కొన్నిటికి డబ్బా ఉండదు, ప్లాస్టిక్ గిన్నెలో కాగితం ఎలిమెంట్ ఒక్కటే మారుస్తారు, వాటికి మర రజను బాధ తక్కువ గానీ పాత గిన్నెని అదే బనియన్ వేస్టుతో తుడుస్తారు కాబట్టి వాళ్లూ నిశ్చింతగా ఉండనక్కర్లేదు.

ఈలోపు కొనేవాళ్లు చేయగలిగింది చెప్తాను, పెద్ద పనేం కాదు. షాపులోనే పెట్టె విప్పండి, టార్చి వేసి మధ్య మర చూడండి, పొట్టో తుప్పో కనబడితే అక్కడే ఇంకోటి అడగండి. బిగించే ముందు మూతి కిందికి పెట్టి అరచేత్తో రెండు తట్లు తట్టి, నూలు ఊడని శుభ్రమైన గుడ్డ మెలిపెట్టి మర తుడవండి, తుడిచేటప్పుడు కూడా మూతి కిందికే ఉండాలి. ఎయిర్ కొట్టకండి, కొడితే పొట్టు లోపలికి పోతుంది, కంప్రెసర్ గాలిలో నీటి తుంపర కూడా వస్తుంది. నాలాగా డీజిల్ పోసి కడిగి బిగించకండి, నేను కడిగింది చూడ్డానికే, ఆ ఫిల్టర్ కారుకి పెట్టలేదు. పాత ఫిల్టర్ రబ్బరు వాషరు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోలేదు కదా చూసుకోండి, దాని మీద కొత్తది బిగిస్తే రోడ్డు మీద ఆయిలంతా కారిపోతుంది. కొత్త రబ్బరుకి వేలితో కాస్త ఆయిల్ రాసి, తగిలాక చేత్తో ముప్పావు చుట్టు, లేదా పెట్టె మీద ఎంత ఉంటే అంత. పానా పెట్టి బిగించేవాళ్లని చూస్తే నాకు చేతులు దురద పెడతాయి.

షాపు వాళ్లు ఎవరైనా పెట్టె విప్పి చూడనివ్వం అంటే బిల్లు తీసుకుని ఇంట్లో చూడండి, బాగోలేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. మా షాపు అబ్బాయి మాత్రం మారాడు. మొన్న వెళ్తే కౌంటర్ మీద చిన్న టార్చి తాడుతో కట్టి ఉంది. "ఆయ్, మీ పుణ్యమేనండి, ఇప్పుడు అందరూ విప్పి చూపించమంటున్నారు, అరపూట దానికే సరిపోతోంది" అని విసుక్కున్నాడు.

ఆ ల్యాబు కాగితం, దాని మీద పొట్టు, కోసిన డబ్బా అన్నీ ప్లాస్టిక్ డబ్బాలో భద్రంగా ఉంచాను. మీ విలేకరి ఎవరైనా వస్తే చూపిస్తాను, వచ్చేటప్పుడు ఓ కొత్త ఫిల్టర్ కొనుక్కురమ్మనండి, ఆయన ముందే కడిగి చూద్దాం. ఆదివారం తప్ప రోజూ సాయంత్రం ఏడింటి దాకా లేత్ దగ్గరే ఉంటాను.

ఇట్లు
ఒక లేత్ పనివాడు, పాలకొల్లు